నార్మలా, ఆపరేషనా?

మనవాళ్ళలో ఎవరికైనా పురుడొచ్చిందని తెలియగానే ఫోన్లో అడిగే ప్రశ్నలకి ఒక వరస ఉంది. మొదటిది "ఆడా, మగా?" రెండోది "నార్మలా, ఆపరేషనా?" మూడోది "బరువెంత?" తల్లి ఎలా ఉందన్నది నాలుగోది. వెనకటి రోజుల్లో అయితే అది కూడా ఫోన్ కార్డులో నిమిషాలు మిగిలి ఉంటేనే.

ఆ రెండో ప్రశ్నకి నేను దగ్గర దగ్గర ముప్ఫయ్యేళ్ళు అబద్ధం చెప్పాను.

1996 చలికాలం. పెళ్ళయి ఇంగ్లండు వచ్చి రెండేళ్ళు. ఇరవై రెండు గంటలు నొప్పులు పడ్డాను. చివరికి బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని గబగబా తోసుకుపోయి, వెన్నులో సూది గుచ్చి, ఆపరేషన్ చేసి మా అమ్మాయిని బయటికి తీశారు. మర్నాడు నా కాగితాల మీద "ఫెయిల్యూర్ టు ప్రోగ్రెస్" అని రాసి ఉండటం చూశాను. అది డాక్టర్ల పరిభాష, కాన్పు ముందుకి సాగలేదని అర్థం. ఒకటో తరగతి నుంచి ఎమ్మెస్సీ దాకా ఒక్క పరీక్ష కూడా తప్పనిదాన్ని, నాకు మాత్రం ఆ మొదటి మాటే కనిపించింది. పక్క మంచం మీద ఒక ఇంగ్లీషావిడ. మూడు నెలలు ఊపిరి పీల్చే పాఠాలు నేర్చుకుందిట. ఆవిడకీ ఆపరేషనే అయింది. క్లాసులో తోటివాళ్ళకి మొహం ఎలా చూపించాలా అని గోడవైపు తిరిగి ఏడుస్తోంది. ఈ సిగ్గు మన ఊళ్ళదే అనుకున్నాను గానీ, వీళ్ళకీ ఉందన్నమాట!

అమ్మకి ఫోన్ చేస్తే ఒక్క క్షణం ఆగి, "పోనీలే, అందరికీ నార్మలనే చెబుదాం" అంది. ఆ సాయంత్రమే తెనాలి నుంచి మా పెద్దత్తయ్య ఫోను. నార్మలేనన్నాను. "మా తల్లే! అచ్చం మా అమ్మ పోలికే. ఎనిమిదిమందినీ ఇంట్లోనే కన్నది" అని మురిసిపోయింది. చెయ్యని పనికి వచ్చిన మెప్పు ఎంత గుచ్చుకుంటుందో ఆ రోజు తెలిసింది.

మరుసటి ఏడు పిల్లని తీసుకుని ఇండియా వెళ్ళాను. ఆలస్యమైనా సరే బాలింత స్నానం చేయించాల్సిందేనని నాయనమ్మ పట్టుబట్టి నూనె రాస్తూ కూచుంది. పొత్తికడుపు మీద మచ్చ ఆవిడ వేళ్ళకి తగిలింది. అబద్ధం బయటపడింది కదా అని నేను బిగుసుకుపోయాను. ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది. "మా అక్కకి బిడ్డ అడ్డం తిరిగిందే" అంది మెల్లిగా. "మూడ్రోజులు. మంత్రసాని చేతులెత్తేసింది. గుంటూరు తీసుకుపోదామని బండి కట్టారు. దారిలోనే పోయింది. కడుపులో బిడ్డ కడుపులోనే. ఈ కోత దానికి పడుంటే బతికేది."

అంతకుమించి ఆ విషయం ఎత్తలేదు. పెద్దత్తయ్యతో కూడా చెప్పలేదు. కానీ నా మచ్చకి ఒక చరిత్ర ఉందన్న సంగతి ఆ స్నానాలగదిలో నాకు మొదటిసారి తోచింది. తర్వాత తీరిక దొరికినప్పుడల్లా దాని వెంట పడ్డాను.

జూలియస్ సీజర్ అలా పుట్టాడు కాబట్టి సిజేరియన్ అన్న పేరొచ్చిందని మనందరం విన్నదే. అది నిజమయ్యే అవకాశం లేదు. సీజర్ క్రీ.పూ. 100లో పుట్టాడు. అతని తల్లి ఆరీలియా క్రీ.పూ. 54 దాకా బతికే ఉంది. ఆ రోజుల్లో కడుపు కోస్తే తల్లి బతకడమన్న మాటే లేదు. గర్భిణి చనిపోతే బిడ్డని బయటికి తియ్యకుండా పూడ్చకూడదని రోమన్లకి ఒక పాత చట్టం ఉండేది. లాటిన్‌లో కోయడం అన్న అర్థమిచ్చే మాట నుంచే ఈ పేరు వచ్చి ఉండాలని చాలామంది అనుకుంటారు. మన సుశ్రుత సంహితలోనూ అదే మాట: తల్లి చనిపోయి, కడుపులో బిడ్డ కదులుతుంటే, వైద్యుడు వెంటనే కోసి తియ్యాలి. బిందుసారుడి పుట్టుక గురించి జైనులు చెప్పుకునే కథ కూడా ఇలాంటిదే. విషం తగిలి రాణి చనిపోతే చాణక్యుడు కడుపు కోయించి బిడ్డని దక్కించాడట.

అంటే వేల ఏళ్ళపాటు ఇది తల్లికి చేసే వైద్యం కాదు. తల్లి పోయాక బిడ్డ కోసం చేసేది. క్రైస్తవ యూరప్‌లో చర్చి దీన్ని ప్రోత్సహించింది కూడా బిడ్డ కన్నుమూసే లోపల బాప్తిజం ఇవ్వడానికే. కోత ఉన్నచోట తల్లి లేదు. షేక్స్పియర్ మాక్‌బెత్‌లో ఇదే కనిపిస్తుంది. ఆడదానికి పుట్టినవాడెవడూ నిన్నేమీ చెయ్యలేడని మాక్‌బెత్‌కి భరోసా దొరుకుతుంది. చివరికి అతన్ని చంపే మాక్‌డఫ్ నెలలు నిండకుండా తల్లి కడుపు కోసి తీసినవాడు. హిరణ్యకశిపుడి వరంలో లొసుగు లాంటిదే ఇదీను. నాలుగువందల ఏళ్ళ కిందటి ప్రేక్షకులు ఆ మెలికని ఒప్పుకున్నారంటే, కోసి తీసిన బిడ్డ తల్లికి "పుట్టిన" బిడ్డ కాదన్నమాట! మా పెద్దత్తయ్య షేక్స్పియర్ చదవలేదు గానీ, ఇద్దరి అభిప్రాయమూ ఒకటే.

మరి తల్లీబిడ్డా ఇద్దరూ బతికింది ఎప్పుడు? అక్కడక్కడా కథలున్నాయి. నమ్మదగ్గ వాటిలో ఒకటి 1826లో కేప్‌టౌన్‌లో జరిగింది. బ్రిటిష్ సైన్యంలో వైద్యుడు జేమ్స్ బారీ, మత్తుమందు ఇంకా రాని రోజుల్లో, మనిక్ అనే కుటుంబంలో ఒకావిడకి ఈ ఆపరేషన్ చేశాడు. ఇద్దరూ దక్కారు. ఆ తల్లిదండ్రులు బిడ్డకి జేమ్స్ బారీ మనిక్ అని పేరు పెట్టుకున్నారు. తర్వాత దక్షిణాఫ్రికా ప్రధాని అయిన హెర్ట్‌జోగ్‌కి కూడా ఆ పేరే దక్కింది. అసలు విచిత్రమేమిటంటే, బారీ పుట్టుకతో స్త్రీ అని 1865లో పోయాక లోకానికి తెలిసింది. ఆడవాళ్ళని వైద్యకళాశాల గడప తొక్కనివ్వని కాలంలో మగవాడిగా బతికిన మనిషి ఆవిడ.

ఇలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఒక అంచనా ప్రకారం 1787 నుంచి 1876 దాకా పారిస్ నగరంలో ఈ ఆపరేషన్ చేయించుకున్న తల్లి ఒక్కతె కూడా బతకలేదు. అందుకే బిడ్డ అడ్డుపడితే బ్రిటన్‌లో డాక్టర్లు చాలాసార్లు లోపలే బిడ్డ తల చిదిపి, తల్లిని దక్కించేవారు. 1876లో ఇటలీలో పోరో అనే డాక్టరు బిడ్డని తీశాక గర్భసంచిని కూడా తీసేసి తల్లిని బతికించాడు. 1882లో జర్మనీలో సేంగర్ గర్భసంచికి కుట్లు వెయ్యాలన్నాడు. వినడానికి ఇంత చిన్న సంగతి! అంతకుముందు కడుపు పైన కుట్టి, లోపల సంచిని చాలావరకూ అలాగే వదిలేసేవారు. రక్తస్రావంతో, చీముతో పోయేవాళ్ళు.

1888లో గ్లాస్గోలో మర్డాక్ కామెరాన్ అనే డాక్టరు దగ్గరికి రికెట్స్‌తో కటి ఎముకలు వంకరపోయిన ఒక పేదరాలు వచ్చింది. పొగ కమ్మి ఎండ తగలని ఆ ఊరి ఇరుకు వీధుల్లో అలాంటి ఆడవాళ్ళు ఎందరో. ఆపరేషన్ అయింది, ఇద్దరూ బతికారు. ఆవిడ తన కొడుక్కి పెట్టుకున్న పేరు సీజర్ కామెరాన్. కోత పేరూ, కోసిన డాక్టరు పేరూ కలిపి! ఇది చదివినప్పుడు చాలాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను. ఆవిడ ఆ కోతని కొడుకు పేరులోనే పెట్టి వీధిలో పిలుచుకుంది. నేను అమ్మతో కలిసి దాచాను. ఆవిడకీ నాకూ మధ్య సరిగ్గా నూట ఎనిమిదేళ్ళు.

ఈ నూరేళ్ళలో మారిందేమిటి? కోత భయం పోయింది. 1920లలో గ్లాస్గోకే చెందిన మన్రో కెర్ గర్భసంచి కింది భాగంలో అడ్డంగా కోసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. తర్వాత రక్తం ఎక్కించడం, యాంటీబయాటిక్సు వచ్చాయి. కోసినా తల్లి బతుకుతుందన్న భరోసా వచ్చాకే తల్లిని తూచడం మొదలైంది.

దీనికి ఒక న్యాయమైన కారణం కూడా ఉందని ఒప్పుకోవాలి. ఆసుపత్రుల్లో ఆడవాళ్ళని మత్తులో ముంచి, ఒంటరిగా పడేసి, అడక్కుండా కోసేసే ధోరణి మీద తిరుగుబాటుగా సహజ ప్రసవ ఉద్యమం పుట్టింది. 1933లో ఇంగ్లీషు డాక్టరు గ్రాంట్లీ డిక్-రీడ్ "నేచురల్ చైల్డ్‌బర్త్" అన్న పుస్తకం రాశాడు. భయం వల్లే నొప్పి పెరుగుతుందన్నాడు. అందులో ఓదార్పుంది, మెలికా ఉంది. భయపడకపోతే సాఫీగా అవుతుందంటే, సాఫీగా కానప్పుడు తప్పెవరిది? నా పక్క మంచం ఆవిడ గోడవైపు తిరిగి ఏడ్చింది ఈ ప్రశ్నకే. ఆ తర్వాత ఇక్కడి పత్రికలు ఇంకో మాట పుట్టించాయి: "టూ పాష్ టు పుష్". షోకు ఎక్కువై ముక్కలేని ఆడవాళ్ళట!

లెక్కలూ పెరిగాయి. 1985లో బ్రెజిల్‌లోని ఫోర్టలేజాలో జరిగిన ప్రపంచ ఆరోగ్య సంస్థ సమావేశం, సిజేరియన్లు నూటికి 10-15 మించనక్కర్లేదంది. అది దేశాల కోసం వేసిన లెక్క. కానీ ఇంగ్లండులో అది నెమ్మదిగా ఆసుపత్రుల గొప్పకి కొలబద్ద అయింది. తక్కువ సిజేరియన్లు చేసే ఆసుపత్రి మంచి ఆసుపత్రి. 1999లో స్కాట్లండులో నదీన్ మాంట్‌గమరీ అనే పొట్టి మనిషికి, మధుమేహం ఉన్నావిడకి, బిడ్డ భుజం ఇరుక్కునే ప్రమాదం ఉందని చెప్పలేదు. చెబితే అందరూ సిజేరియన్ అడుగుతారని డాక్టరు అనుకుంది. బిడ్డ భుజం ఇరుక్కుంది. మెదడు దెబ్బతింది. 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆ తల్లి పక్షాన తీర్పిచ్చింది. న్యాయమూర్తి లేడీ హేల్ ఒక మాట రాశారు. ఇది వైద్యపరమైన నిర్ణయంలా లేదు, మామూలు కాన్పే నైతికంగా మెరుగైనదన్న తీర్పులా ఉందని దాని సారాంశం. మా పెద్దత్తయ్య ఫోన్లో అన్నదాన్ని ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానం పట్టుకుందన్నమాట.

2022 ఫిబ్రవరిలో ఇంగ్లండు ఆరోగ్య సేవ, సిజేరియన్ల శాతాన్ని బట్టి ఆసుపత్రుల పనితీరు కొలవడం మానమంది. మరుసటి నెలలోనే ష్రూస్‌బరీ ఆసుపత్రుల మీద ఆకెండెన్ నివేదిక వచ్చింది. సరైన వైద్యం అందితే 201 మంది శిశువులూ, తొమ్మిదిమంది తల్లులూ బతికేవారేమోనంది. అవసరమైనా సిజేరియన్‌కి వెనకాడటం అది బయటపెట్టిన కారణాల్లో ఒకటి.

ఇది చదివి, అయితే కోతే మేలని నేనంటున్నానని అనుకోకండి. మన ఊళ్ళ సంగతి దీనికి పూర్తిగా తిరగేసిన బొమ్మ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లయితే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో నూటికి 80 పైమాటే. ఇంతమంది తల్లులకీ కోత తప్పనిసరి అయిందంటే ఎవరూ నమ్మరు. ముహూర్తం చూసుకుని కోయించుకునేవాళ్ళున్నారు. రాత్రంతా కనిపెట్టుకుని కూచునే ఓపికా, సిబ్బందీ లేని ఆసుపత్రులున్నాయి. ప్రతి కోత వల్లా తర్వాతి కాన్పులో మాయ ఆ మచ్చకి అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది కూడా. ఇది నిలదీయాల్సిన విషయమే.

కానీ నిలదీసేది ఎవరిని? ఆ లెక్క ఆసుపత్రిది, ఆ మచ్చ మనిషిది. ముహూర్తం పెట్టించిన మామగారినీ, కత్తి పట్టిన డాక్టరునీ ఎవరూ అడగరు. బాలింత మంచం పక్కన కూచుని "ఈ కాలం పిల్లలు నొప్పులు ఓర్చుకోలేరమ్మా" అంటారు. ఇంగ్లండులో కోత తక్కువ చెయ్యాలన్న పట్టుదలకీ, మన దగ్గర ఎక్కువ చేసే తొందరకీ మూల్యం చెల్లించింది ఆడదే, మాట పడిందీ ఆడదే.

బిడ్డని పోగొట్టుకున్న దుఃఖానికి మన భాష పెట్టిన పేరు కడుపుకోత. నాయనమ్మ వాళ్ళ అమ్మ పడింది అదీ. నాకు దక్కింది కోత మాత్రమే. ఆ రెండింటికీ ఉన్న తేడా బోధపడటానికి నాకింత కాలం పట్టింది.

పోయిన ఏడాది మా అమ్మాయికి పురుడొచ్చింది. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందని ముందే అనుకుని సిజేరియన్ చేశారు. ఎనభయ్యో పడి దాటిన పెద్దత్తయ్య వాట్సాప్‌లో కనిపించింది. మనవడని చెప్పాను. రెండో ప్రశ్న రానే వచ్చింది.

"ఆపరేషనే అత్తయ్యా. నాదీ అప్పుడు ఆపరేషనే. నీతో అబద్ధం చెప్పాను."

లైను తెగిందేమో అనుకున్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది.

"మా సుజాతదీ అంతేనే. నేనే ఊరంతా నార్మలని చెప్పుకున్నాను" అంది. కాసేపాగి, "పిల్ల లేచి కూచుంటోందా? ఏమన్నా తిన్నదా?" అంది.