వేదాద్రికి ఎగువన నీటి కరెంటు

వేదాద్రిలో యోగానంద నరసింహుడి గుడి మెట్లు దిగితే కృష్ణలో కాలు పెట్టినట్టే. అక్కడ నీళ్లు పెరగడానికి, తగ్గడానికి వానలొక్కటే కారణం కాదిప్పుడు. ఎగువన పులిచింతలలో టర్బైన్లు తిరుగుతున్నాయా లేదా అన్నదీ చూసుకోవాలి.

తరగని ఇంధనమంటే సోలార్ పలకలు, గాలిమరలే అనుకుంటాం. ఈ మెట్ట ప్రాంతానికి అది నది రూపంలో ఎప్పుడో వచ్చింది. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ పట్టుబట్టిన నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఎడమ కాలువ నందిగామ, జగ్గయ్యపేట పొలాలకు నీళ్లు తెచ్చింది. సాగర్‌లో 1978లో కరెంటు పుట్టింది. మరుసటి ఏడాదే దిగువన ఇబ్రహీంపట్నంలో బొగ్గు కేంద్రం మొదలైంది. 1995 నాటికి అక్కడ 210 మెగావాట్ల యూనిట్లు ఆరయ్యాయి. బొగ్గుకు కరువు కాటకాలతో పని లేదు మరి!

సాగర్‌లో ఒక విశేషం ఉంది. అక్కడి ఏడు యూనిట్లు, ఒక్కోటి దాదాపు 100 మెగావాట్లవి, వెనక్కి తిప్పితే మోటార్లవుతాయి. మిగులు కరెంటుతో కింది నీటిని మళ్లీ జలాశయంలోకి తోడి, గిరాకీ ఉన్న వేళ వదిలి కరెంటు తీయొచ్చు. తోడాలంటే కింద నీళ్లు నిలవాలి కదా. అందుకు కావలసిన సత్రశాల టెయిల్ పాండ్ దశాబ్దాల తర్వాత గానీ రాలేదు.

పులిచింతల కథ వేరు. కృష్ణా డెల్టాలో 13 లక్షల ఎకరాలకు వేళకు నీళ్లందించడానికి కట్టిన 45.77 టీఎంసీల జలాశయమిది. 2013 డిసెంబరులో ప్రారంభమైంది. రాష్ట్రం విడిపోయాక ఎడమ గట్టున ఉన్న 120 మెగావాట్ల కేంద్రం తెలంగాణకు వెళ్లింది. 2021 జూన్ చివర తెలంగాణ పూర్తి సామర్థ్యంతో జలవిద్యుత్తు తీయమంది. ఎత్తిపోతల మోటార్లకు కరెంటు కావాలన్నది వాళ్ల మాట. డెల్టాకు అప్పుడే అక్కర్లేని నీరు ప్రకాశం బ్యారేజీ దాటి సముద్రం పాలవుతోందన్నది ఆంధ్ర మాట. డ్యాము మీద ఇరువైపులా పోలీసులు మోహరించారు. జులై 15న కేంద్ర ప్రభుత్వం, రెండు రాష్ట్రాల మధ్య కృష్ణా నీటిని చూసే కృష్ణా బోర్డు పరిధిని ప్రకటిస్తూ గెజిట్ ఇచ్చింది. సరిగ్గా మూడు వారాలకు, ఆగస్టు 5న, పులిచింతల 16వ గేటు కొట్టుకుపోయింది. దాన్ని సరిచేయడానికి జలాశయం ఖాళీ చేయాల్సొచ్చింది. ఆ నీరంతా వేదాద్రి మీదుగానే పోయింది.

నీటి కరెంటుకు పొగ ఉండదు, నిజమే. కానీ నారుమడికి నీళ్లు కావలసిన వేళా, ఊళ్లలో దీపాలు వెలగాల్సిన వేళా ఒకటి కావు. పగటి సోలార్ కరెంటు పెరిగిన కొద్దీ ఈ చిక్కు విప్పుకోవడం తేలికవుతుంది: మధ్యాహ్నం ఎత్తిపోతల మోటార్లను సౌర విద్యుత్తుతో నడిపి, నదిని సాయంత్రానికి దాచుకోవచ్చు. కర్నూలు వైపు పిన్నాపురంలో ఇలా నీటిని తోడి వాడుకునే 1680 మెగావాట్ల కొత్త పంప్డ్ స్టోరేజీ చేపట్టారు, మంచిదే. దానితోపాటు సాగర్‌లో ఉన్న ఆ ఏడు యంత్రాలనూ రెండు రాష్ట్రాలూ కూర్చుని ఒక వేళాపట్టిక ప్రకారం తిప్పుకోవాలి.