కొడైకెనాల్ ఇనుములో దాగిన గడియారం



ఎండాకాలం సెలవులు వస్తే చాలు, మదురై, దిండిగల్, కోయంబత్తూరు వైపు స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు కొడైకెనాల్ కొండెక్కడం మామూలే. చెరువు చుట్టూ తిరుగుతాం, పిల్లర్ రాక్స్ దగ్గర ఫోటోలు దిగుతాం, 1899లో స్థాపించిన సూర్య పరిశోధనశాల గురించి పిల్లలకు చెబుతాం. కానీ ఆ ఊరి పేరుతోనే శాస్త్ర గ్రంథాలకెక్కిన ఒక ఇనుప ముక్క ఉందని మనలో ఎంతమందికి తెలుసు?

1898లో అక్కడ దాదాపు 16 కిలోల ఇనుప ఉల్క ఒకటి దొరికింది. దానికి కొడైకెనాల్ అనే పేరు పెట్టారు. 1906లో బెర్వెర్త్ అనే ఖనిజ శాస్త్రవేత్త దాని గురించి రాస్తూ, ఇనుముతో పాటు అందులో చిక్కుకున్న సిలికేట్ల మీద కూడా దృష్టి పెట్టారు.

సిలికేట్లంటే మన కాళ్ళ కింద ఉండే మామూలు రాయికి మూలపదార్థాలే. ఇనుప ఉల్కలో ఎక్కువ భాగం ఇనుము, నికెల్. చాలావాటిలో సిలికేట్లు కనబడవు. కొడైకెనాల్ ఉల్కలో మాత్రం పైరాక్సిన్, ఫాస్ఫేట్లు, ఫెల్డ్‌స్పార్ కూర్పు ఉన్న గాజు కనిపిస్తాయి. 1968లో అందులో పొటాషియం ఫెల్డ్‌స్పార్‌ను కూడా గుర్తించారు.

ఇందులో వింతేమిటంటారా? పులుసు మీద నూనె తేలినట్టు, కరిగిన ఇనుము మీద తేలికైన సిలికేట్లు తేలిపోవాలి. అలా విడిపోకుండా ఇనుములోనే ఉండిపోయాయంటే, రెండూ కలిశాక వేడి త్వరగా తగ్గి ఉండాలి. స్ఫటికాలుగా మారే వ్యవధి లేక మిగిలిపోయిన గాజు కూడా ఆ మాటే చెబుతోంది.

ఇంకో మేలు కూడా జరిగింది. ఇనుము వయసు లెక్కగట్టడం కష్టం. పొటాషియం ఉన్న సిలికేట్లలో రుబీడియం కూడా ఉంటుంది. అది చాలా నెమ్మదిగా స్ట్రాన్షియంగా మారుతుంది. ఎంత మారిందో కొలిస్తే వయసు తేలుతుంది. 1967లో బర్నెట్, వాసర్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలు ఈ పద్ధతిలో లెక్కకట్టి, కొడైకెనాల్ వయసు సుమారు 380 కోట్ల ఏళ్ళని తేల్చారు. సౌర కుటుంబం పుట్టి 450 కోట్ల ఏళ్ళు దాటింది. అంటే సౌర కుటుంబం పుట్టిన దాదాపు 70 కోట్ల ఏళ్ళ తర్వాత ఇది ఈ రూపు దిద్దుకుంది! ఏదో గ్రహశకలాన్ని మరొకటి బలంగా ఢీకొంటే ఆ వేడికి రాయీ ఇనుమూ కలిసిపోయాయన్నది ఒక ప్రధాన వివరణ. ఇదే కుటుంబానికి చెందిన ఇతర ఉల్కల్లో కొన్ని బాగా పాతవి, కొన్ని దీనిలాగే చిన్నవి.

మనం తరతరాలుగా తమిళగడ్డ మీద ఉంటూ ఇంట్లో తెలుగు నిలుపుకున్నవాళ్ళం. చుట్టూ ఇనుమే ఉన్నా తన గుర్తు పోగొట్టుకోని ఆ చిన్న రాతి తునక మనకు పరాయిదిగా అనిపించదు. ఇనుమంతటి వయసూ చెబుతున్నది ఆ తునకే కదా!

చివరగా ఒక మనవి. 1898లో ఆ ముక్క ఏ కొలిమిలోనో పడి కత్తో కొడవలో అయి ఉంటే ఈ కథంతా బూడిదయ్యేది. మన పొలాల్లో ఎక్కడైనా అయస్కాంతానికి అతుక్కునే బరువైన వింత రాయి దొరికితే కాల్చకండి, కోయకండి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు తెలియజేయండి. ఈసారి కొడైకెనాల్ వెళ్ళినప్పుడు పిల్లలకు ఈ కథ కూడా చెబుదాం.