చతురస్రము నుండి వృత్తము దాకా: ఆలయ నమూనాల తీరుతెన్నులు

శివలింగమునకు మూడు భాగములు. అడుగున బ్రహ్మభాగము చతురస్రము, నడుమ విష్ణుభాగము అష్టాస్రము, పైన పూజలందుకొను రుద్రభాగము వృత్తము. నాలుగు పలకల శిలకు మూలలు చెక్కినచో ఎనిమిది పలకలగును. వాటి అంచులు మరల చెక్కినచో పదునారు, ఆపై ముప్పది రెండు. పిదప నునుపు చేయగా వృత్తము సిద్ధించును. గుండ్రని స్తంభమును శిల్పులు తీర్చునదియు ఈ క్రమముననే. నేడు కంప్యూటరులో ఆలయ నమూనాలు చేయువారిదియు ఇదే త్రోవ. వారి తెరపై ప్రతి వస్తువును చదునైన పలకల కూర్పే. పలకలు తక్కువైనచో స్తంభము పెట్టె వలెను, శిఖరము కాగితపు టోపీ వలెను కనబడును.

మన ఆలయ జీర్ణోద్ధరణ సందర్భమున కొందరు యువకులు అట్టి నమూనాను సిద్ధపరచి, దీనిని ఎచ్చట మెరుగుపరచవలెనని నన్నడిగిరి. వారికి చెప్పినదే ఇచ్చట వ్రాయుచున్నాను.

పలకలను అంతటను సమముగ పెంచుట వృథాశ్రమ. విమానమునకు అధిష్ఠానము, పాదము, ప్రస్తరము, గ్రీవము, శిఖరము, స్తూపి అని ఆరు అంగములు. అధిష్ఠానమునందలి ఉపానము, జగతి, కుముదము, కంఠము, పట్టిక అను వరుసలు కొన్ని ముందునకును, కొన్ని వెనుకకును జరిగి యుండును. వాని నీడలవలననే గోడకు రూపము. ఇవి నమూనాలోను నిజముగ మలచబడవలెను. కుముదము విషయమున మాత్రము జాగ్రత్త అవసరము. కొన్ని గుళ్లలో అది గుండ్రము, కొన్నింట శిల్పి బుద్ధిపూర్వకముగ పలకలు తీర్చినది. పలకల కుముదమును మెరుగు పేరిట గుండ్రము చేయుట శిల్పిని దిద్దుటయే యగును.

సన్నని లతలు, శాసనాక్షరముల సంగతి వేరు. 1974లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమున ఎడ్విన్ కాట్‌మల్, నమూనా తలముపై చిత్రమును వస్త్రమువలె తొడుగు విధానమును తన సిద్ధాంతగ్రంథమున చూపెను. 1978లో జేమ్స్ బ్లిన్, తలమును చెక్కకయే వెలుగునీడల లెక్కచే ముడుతలను, గరుకుదనమును కనబరచు ఉపాయమును ప్రకటించెను. అక్షరములకు ఈ ఉపాయము చాలును. ముందునకు పొడుచుకొని వచ్చు కపోతమునకు చాలదు. ప్రక్కనుండి చూచినంతనే అంచు చదునని తేలిపోవును.

రూపముకంటె కష్టమైనది ద్రవ్యము. దీనికి పాలంపేట రుద్రేశ్వరాలయమును, అనగా రామప్ప గుడిని మించిన పాఠశాల లేదు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నెలకొల్పిన ఆ ఆలయము 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కినది. గోడలు ఎఱ్ఱని ఇసుకరాయి. చూరు క్రింది మదనికలు అద్దమువలె మెఱయు నల్లరాయి. విమానమో, నీటిపై తేలునంతటి తేలికైన ఇటుకలది. అంతటికిని ఒకే బూడిదరంగు తొడిగిన నమూనాలో కొలతలన్నియు సరిపోవచ్చును, కాని భారము తగ్గించుటకు ఆ స్థపతి పైభాగమున ఇటుకను ఎన్నుకొన్నాడన్న సంగతి అందు కానరాదు. ఇసుకరాయి కాంతిని పీల్చును, నునుపుదేరిన నల్లరాయి తిరిగి వెదజల్లును. ఈ భేదమును ప్రతి ద్రవ్యమునకు వేర్వేరుగ నిర్ణయింపవలెను.

మన ఆలయ గోడలపై ఏండ్ల తరబడి ఎనామిల్ రంగులు పూయబడినవి. యువకుల తొలి నమూనా ఆ రంగులనే చూపినది. వాటి క్రిందనున్న రాయి ఎట్టిదో చూడక ద్రవ్యము నిర్ణయింపరాదంటిని. రంగు తీయుటకు ఇసుకను వేగముగ చిమ్ము యంత్రమును వాడుదమని కొందరు సూచించిరి. త్వరగా తెమలు పనియే, కాని శిల్పపు అంచులు అరగును, అక్షరములు చెరగును. ఒకసారి పోయిన అక్షరమును ఏ నమూనాయు తిరిగి తేలేదు. అందుచే రంగుపై చేయి వేయకమునుపే ప్రతి గోడను కొలిపించి ఛాయాచిత్రములు తీయించితిమి. ఆ వివరములను నమూనాలో నింపు పని ఇంకను సాగుచున్నది. గర్భాలయములోనికి మాత్రము కొలత టేపు గాని కెమెరా గాని ప్రవేశింపలేదు. నమూనాలోను అచ్చట తలుపు మూసియే యుండును.