సిస్టిక్ ఫైబ్రోసిస్: పెద్దల చికిత్సలో ప్రయోగదశ మందుల చరిత్ర

సిస్టిక్ ఫైబ్రోసిస్ జన్యులోపం వల్ల పుట్టుకతో వచ్చే వ్యాధి. లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ చెరొకటి సంక్రమించినప్పుడే ఇది కలుగుతుంది. ఆ జన్యువు తయారుచేయవలసిన సీఎఫ్‌టీఆర్ అనే ప్రొటీన్ కణాల పైపొరలో ఉండి క్లోరైడ్, బైకార్బనేట్ అయాన్ల రాకపోకలను చూసుకుంటుంది. అది లేకపోయినా, పనిచేయకపోయినా ఊపిరితిత్తుల్లోని కఫం తడి ఆరి చిక్కబడుతుంది. అందులో సూడోమోనాస్ వంటి బాక్టీరియా పాతుకుపోతాయి. ఏళ్ల తరబడి సాగే ఇన్ఫెక్షన్లు శ్వాసనాళాల గోడలను తిరిగి బాగుపడని విధంగా దెబ్బతీస్తాయి. క్లోమగ్రంథి నాళాలు పూడుకుపోవడంతో జీర్ణరసాలు పేగులోకి చేరవు, తిన్న తిండి ఒంటబట్టదు. 1950లలో ఈ వ్యాధి ఉన్న పిల్లలు బడి ఈడుకు రావడమే అరుదు. ఇప్పుడు అమెరికా రోగుల నమోదు పట్టికలో సగానికి పైగా పెద్దవారే. ఈ మార్పులో ఒకనాటి ప్రయోగదశ మందులకు పెద్ద వాటా ఉంది. అయితే మందు కొత్తది కావడం వల్ల ఆ మేలు సమకూరలేదు. వ్యాధి మూలానికి మందు ఎంత దగ్గరగా చేరింది, దాని ఫలితాన్ని ఎంత కచ్చితంగా కొలిచారు అన్న రెండు విషయాలే మేలును నిర్ణయించాయని ఈ ఎనిమిదిన్నర దశాబ్దాల చరిత్ర చెబుతుంది.

గుర్తింపు, కొలమానం

న్యూయార్క్‌లోని బేబీస్ హాస్పిటల్‌లో పనిచేసిన డొరొతీ ఆండర్సన్ పసిపిల్లల శవపరీక్షల ఆధారంగా 1938లో దీన్ని ప్రత్యేక వ్యాధిగా వర్ణించింది. 1948 వేసవిలో ఆ నగరాన్ని వడగాడ్పులు కుదిపినప్పుడు ఈ జబ్బున్న పిల్లలే ఎక్కువగా సొమ్మసిల్లి ఆసుపత్రికి వచ్చారు. ఆ ఆధారం పట్టుకుని పాల్ డి సాంట్ ఆగ్నీస్ బృందం వారి చెమటలో ఉప్పు మామూలు కంటే ఎక్కువని 1953లో తేల్చింది. 1959లో గిబ్సన్, కుక్ రూపొందించిన చెమట పరీక్ష నేటికీ రోగనిర్ధారణకు ప్రామాణికం. మందుల చరిత్రలోనూ ఈ పరీక్షకు చోటుంది. సీఎఫ్‌టీఆర్ పని మెరుగుపడితే చెమటలో క్లోరైడ్ తగ్గుతుంది కాబట్టి, మందు మూలాన్ని తాకిందో లేదో చెప్పే కొలమానంగా సుమారు యాభై ఏళ్ల తర్వాత అదే అక్కరకొచ్చింది. 1983లో పాల్ క్వింటన్ అసలు లోపం క్లోరైడ్ ప్రసరణలోనే ఉందని చూపాడు. ఈ శాస్త్రవేత్త స్వయంగా ఇదే వ్యాధి ఉన్నవాడు. 1989లో లాప్ చీ సుయ్, జాన్ రియోర్డన్, ఫ్రాన్సిస్ కాలిన్స్ బృందాలు 7వ క్రోమోజోమ్‌పై ఉన్న జన్యువును పట్టుకున్నాయి. 1480 అమైనో ఆమ్లాల ఈ ప్రొటీన్‌లో 508వది లోపించడమే అన్నిటికంటే తరచుగా కనిపించే మార్పు. దీన్ని ఎఫ్508డెల్ అంటారు.

పర్యవసానాలకు చికిత్స

జన్యువు దొరికిన తొలి రోజుల్లో దాన్నే సరిచేసేయవచ్చన్న ఆశ బలంగా ఉండేది. 1993లోనే వైరస్ ద్వారా మంచి జన్యువును శ్వాసనాళాల్లోకి పంపే ప్రయోగం అమెరికాలో మొదలైంది. కానీ సూక్ష్మజీవులను అడ్డుకోవడానికి ఏర్పడిన శ్వాసనాళాలు జన్యువును మోసుకొచ్చే వైరస్‌నూ అలాగే అడ్డుకున్నాయి. ఈలోగా పెద్దలకు అక్కరకొచ్చినవి అంతకంటే నిరాడంబరమైన మందులు. కఫంలో పేరుకున్న డీఎన్ఏ పోగులను తెగ్గొట్టే డార్నేస్ ఆల్ఫాను 968 మంది పిల్లలపై, పెద్దలపై పరీక్షించారు. ఒక్క సెకనులో బలంగా వదలగలిగే గాలి పరిమాణం దాదాపు 6 శాతం పెరిగింది. పీల్చే టోబ్రామైసిన్‌ను 520 మందిపై పరీక్షించినప్పుడు 20 వారాలకు ఆ కొలత మందు తీసుకున్నవారిలో 10 శాతం పెరిగితే, ప్లసీబో (అసలు మందు లేని ఉత్తుత్తి చికిత్స) తీసుకున్నవారిలో 2 శాతం తగ్గింది. ఆస్ట్రేలియాలో 164 మందిపై జరిపి 2006లో ప్రచురించిన పరీక్షలో 7 శాతం ఉప్పునీటి ఆవిరి ఉన్నట్టుండి జబ్బు ముదరడాన్ని సగానికి పైగా తగ్గించింది. ఇవేవీ జన్యువును గానీ ప్రొటీన్‌ను గానీ తాకలేదు. కఫాన్ని పలచబరచి, బాక్టీరియాను అదుపులో పెట్టి, నష్టం జరిగే వేగాన్ని తగ్గించాయి. అందుకే వాటి మేలు నిజమే అయినా పరిమితం. రోగి రోజూ గంటల తరబడి చికిత్సకే కేటాయించాల్సి వచ్చేది.

మూలం వైపు

అమెరికాలోని సిస్టిక్ ఫైబ్రోసిస్ ఫౌండేషన్ 1990ల చివర ఆరోరా బయోసైన్సెస్ అనే కంపెనీకి పెట్టుబడి పెట్టి, ప్రొటీన్‌నే సరిచేసే రసాయనాల కోసం వెతికించింది. 2001లో ఆ కంపెనీని వెర్టెక్స్ కొనుగోలు చేసింది. ఈ వెతుకులాటలో తొలి ఫలం ఐవాకాఫ్టర్. జీ551డీ అనే మార్పు ఉన్నవారిలో ప్రొటీన్ కణం పైపొరకు చేరుతుంది గానీ దాని ద్వారం తెరుచుకోదు. ఈ మాత్ర ఆ ద్వారాన్ని తెరిచి ఉంచుతుంది. పన్నెండేళ్లు దాటిన 161 మందిపై జరిపి 2011లో ప్రచురించిన పరీక్షలో 24 వారాలకు ఊపిరితిత్తుల సామర్థ్యం, అంటే ఆ ఒక్క సెకను గాలి కొలత, ప్లసీబో కంటే 10.6 శాతం పాయింట్లు మెరుగుపడింది. చెమటలో క్లోరైడ్ లీటరుకు 48 మిల్లీమోల్స్ మేర తగ్గింది. లక్షణమూ మూల కొలతా ఒకే దిశలో కదలడం ఇక్కడ గమనించాల్సిన సంగతి. మందుకు 2012 జనవరిలో అమెరికాలో అనుమతి వచ్చినా, ఆ మార్పు ఉన్నవారు మొత్తం రోగుల్లో సుమారు 4 శాతమే.

ఎఫ్508డెల్ చిక్కు వేరు. ఇందులో ప్రొటీన్ సరిగా మడతపడక, పైపొరకు చేరకముందే కణం దాన్ని నాశనం చేస్తుంది. 2015లో అనుమతి పొందిన లుమాకాఫ్టర్, ఐవాకాఫ్టర్ జోడీ 2.6 నుంచి 4 శాతం పాయింట్ల మెరుగుదలతో ఆగింది. మడతను రెండు చోట్ల సరిచేసే రెండు రసాయనాలకు ద్వారం తెరిచే మూడోదాన్ని కలిపినప్పుడే కథ మారింది. ఎలెక్సాకాఫ్టర్, టెజాకాఫ్టర్, ఐవాకాఫ్టర్ కలయికను ఎఫ్508డెల్ ఒక్క ప్రతి మాత్రమే ఉన్న 403 మందిపై పరీక్షిస్తే సామర్థ్యం 14.3 శాతం పాయింట్లు పెరిగింది, జబ్బు ముదిరే సందర్భాలు 63 శాతం తగ్గాయి. 2019 అక్టోబరులో ఈ మూడు మందుల కలయికకు అమెరికాలో అనుమతి లభించింది.

పెద్దలకు ఆలస్యమైందా?

ఊపిరితిత్తులు ఇప్పటికే దెబ్బతిన్న పెద్దలకు ఇలాంటి మందులు ఆలస్యంగా అందిన సాయమే కదా అన్న వాదన ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. 1995లో వెలువడిన అధిక మోతాదు ఐబుప్రొఫెన్ పరీక్షలో మేలు స్పష్టంగా కనిపించింది పదమూడేళ్లలోపు పిల్లల్లోనే. సాగిపోయి మచ్చలు పడిన శ్వాసనాళాలను గానీ, పూర్తిగా పాడైన క్లోమాన్ని గానీ, పుట్టుకకు ముందే లోపించిన పురుషుల వీర్యనాళాలను గానీ ప్రొటీన్‌ను సరిచేసే మాత్రలు తిరిగి ఇవ్వలేవు. అయినా సామర్థ్యం 40 శాతం కంటే కిందికి పడిపోయిన 245 మందిని ఫ్రాన్స్‌లో పరిశీలించినప్పుడు మూడు మందుల కలయికతో సగటున 15 పాయింట్ల పెరుగుదల కనిపించింది. ఊపిరితిత్తుల మార్పిడి అంచుకు చేరినవారిలో అత్యధికులకు ఆ అవసరం తప్పింది. దీన్ని బట్టి పెద్దవారి ఇబ్బందిలో కొంత భాగం శాశ్వత నష్టమైతే, మిగతాది కఫం, ఇన్ఫెక్షన్, వాపు రోజువారీగా కలిగించే భారమని అర్థమవుతుంది. ఈ రెండో భాగం ఏ వయసులోనైనా తగ్గించగలిగిందే. పెద్దలకు ప్రయోగదశ మందు ఏమివ్వగలదన్న ప్రశ్నకు ఈ విభజనే తగిన జవాబు.

ఈ మేలు కొత్త ప్రశ్నలనూ తెచ్చింది. గర్భాశయ ముఖద్వారంలోని స్రావం పలచబడటం, ఆరోగ్యం మెరుగుపడటం వల్ల 2020లో అమెరికాలో ఈ వ్యాధి ఉన్న స్త్రీలలో గర్భధారణలు అంతకుముందటి ఏడాదితో పోలిస్తే దాదాపు రెట్టింపయ్యాయి. గర్భిణులను మాత్రం ఆ మందుల పరీక్షల్లో చేర్చుకోలేదు. మూడు మందుల కలయిక కాలేయంపై చూపే ప్రభావానికి అమెరికా నియంత్రణ సంస్థ అత్యున్నత స్థాయి హెచ్చరికను జోడించింది. కొందరిలో నిద్రలేమి, కుంగుబాటు వంటి మార్పులు నమోదయ్యాయి. అనుమతితో పరిశీలన ముగియదనడానికి ఇవి ఉదాహరణలు. పాత మందుల అవసరాన్నీ కొలిచి చూశారు. మూడు మందుల కలయిక వాడుతూ ఊపిరితిత్తులు మెరుగ్గా ఉన్నవారు డార్నేస్ ఆల్ఫాను లేదా ఉప్పునీటి ఆవిరిని ఆరు వారాలు ఆపినా సామర్థ్యం తగ్గలేదని 2022లో తేలింది. చికిత్స భారం మోస్తున్న పెద్దలకు ఇదీ ఒక లాభమే.

పరీక్షలు లేకుండా ఇవ్వరాదా?

ప్రాణం మీదికొచ్చిన రోగికి మందును నేరుగా ఇచ్చేయక సగంమందికి ప్లసీబో ఇవ్వడమేమిటన్నది రెండో అభ్యంతరం. మానవీయమైన ఈ ప్రశ్నకు చరిత్రే సమాధానం చెబుతోంది. వాపును తగ్గిస్తుందనుకున్న బీఐఐఎల్ 284 అనే మందును పెద్దలపై, పిల్లలపై పరీక్షిస్తుండగా, మందు తీసుకున్న పెద్దల్లో ఊపిరితిత్తుల సమస్యలు ఎక్కువయ్యాయి. పరీక్షను మధ్యలోనే ఆపేశారు. పోల్చడానికి ప్లసీబో బృందం లేకపోతే ఆ హానిని జబ్బు సహజంగా ముదరడమే అనుకునేవారు. అటాల్యూరెన్ ఇంకో పాఠం. ప్రొటీన్ తయారీని మధ్యలో ఆపేసే సంకేతాన్ని దాటవేయడానికి ఉద్దేశించిన ఈ మందు తొలి పెద్ద పరీక్షలో మొత్తం మీద గెలవలేదు. పీల్చే టోబ్రామైసిన్ వాడని వారిలో మాత్రం మేలు కనిపించింది. అలాంటి వారినే తీసుకుని మళ్లీ పరీక్షిస్తే ఆ మేలు నిలవలేదు. అయితే మంచి మందు ఇప్పటికే చేతిలో ఉన్నప్పుడు ప్లసీబోతో పోల్చడం న్యాయం కాదన్న మాట మాత్రం ఒప్పుకోవాల్సిందే. 2024 డిసెంబరులో అమెరికా అనుమతించిన వాంజాకాఫ్టర్ కలయికను అందుకే పాత మూడు మందుల కలయికతోనే పోల్చి చూశారు. ఊపిరితిత్తుల సామర్థ్యంలో అది పాతదానికి తీసిపోలేదు, చెమట క్లోరైడ్‌ను ఇంకాస్త తగ్గించింది. పైగా రోజుకు ఒక్కసారి వేసుకుంటే సరిపోతుంది.

కొన్ని జన్యు మార్పులు ప్రపంచం మొత్తం మీద పదుల మందిలోనే ఉంటాయి. వారికి పెద్ద పరీక్ష అసాధ్యం. ఇక్కడ పట్టుదలకు పోకుండా నియంత్రణ సంస్థ కొలిచే పద్ధతిని మార్చింది. 2017లో ప్రయోగశాల కణాల్లో కనిపించిన స్పందన ఆధారంగా ఐవాకాఫ్టర్‌కు అర్హమైన మార్పులను 10 నుంచి 33కు పెంచింది. నెదర్లాండ్స్ పరిశోధకులు రోగి పేగు కణాల నుంచి చిన్న కణగుచ్ఛాలను పెంచి, మందుకు ఆ వ్యక్తి కణాలు ఎలా స్పందిస్తాయో ముందుగా చూసే పద్ధతిని అభివృద్ధి చేశారు. దీంతో సాక్ష్యం తగ్గలేదు, రోగి శరీరానికి బదులు కణాల నుంచి వచ్చింది.

అందనివారు

రోగుల్లో దాదాపు పదో వంతుకు ఈ మాత్రలు పనిచేయవు. వారి కణాలు సరిచేయదగిన ప్రొటీన్‌నే తయారుచేయవు. వీరి కోసం ప్రొటీన్ తయారీకి సూచనలిచ్చే ఎంఆర్ఎన్ఏను పీల్చే మందుగా ఇవ్వడం, కొత్త తరహా వైరస్ వాహకాలతో జన్యువును చేర్చడం ఇప్పుడు మనుషులపై పరీక్షల్లో ఉన్నాయి. ఆశకు హద్దు ఎక్కడుందో పాత ఫలితాలు చూపుతాయి. బ్రిటన్‌లో 136 మందిపై ఏడాది పాటు జరిపి 2015లో ప్రచురించిన జన్యు చికిత్స పరీక్షలో ప్లసీబోతో తేడా 3.7 శాతమే. అదీ మెరుగుదల కన్నా క్షీణత ఆగడం వల్ల వచ్చిన తేడా. ఎంఆర్ఎన్ఏ ఆధారంగా వచ్చిన తొలి మందు ఊపిరితిత్తుల పనిని మెరుగుపరచలేక ఆగిపోయింది.

ఈ పదో వంతు లెక్క పాశ్చాత్య దేశాలది. భారతదేశంలో ఈ వ్యాధి ఉండదని వైద్యులు చాలాకాలం భావించారు. ఇక్కడి అధ్యయనాల్లో రోగుల లోపపు జన్యు ప్రతుల్లో ఎఫ్508డెల్ వాటా ఐదో వంతు నుంచి మూడో వంతు వరకే ఉంది. ఉన్న మాత్రలు పనిచేయని వారి నిష్పత్తి మన దగ్గర ఇంకా ఎక్కువన్నమాట. పనిచేసే వారికైనా ధర అడ్డుగోడ. మూడు మందుల కలయిక అమెరికాలో ఏడాదికి 3 లక్షల డాలర్లు దాటిన ధరతో విడుదలైంది. జనరిక్‌గా తయారుచేస్తే ఏడాదికి 6 వేల డాలర్లలోపే అవుతుందని 2022లో బ్రిటిష్ పరిశోధకులు అంచనా వేశారు. 2023లో భారత్, దక్షిణాఫ్రికా, బ్రెజిల్, ఉక్రెయిన్ దేశాల్లో రోగుల కుటుంబాలు పేటెంట్ అడ్డంకులపై చట్టపరమైన చర్యలకు దిగాయి. ధర తగ్గిస్తే పరిశోధన ఆగిపోతుందని కంపెనీల వాదన. కానీ ఈ మందుల అన్వేషణకు తొలి పెట్టుబడిలో పెద్ద భాగం విరాళాలతో నడిచే ఫౌండేషన్‌దే. ఆ సంస్థ తన రాయల్టీ హక్కులను 2014లో 330 కోట్ల డాలర్లకు అమ్మింది. పరిశోధన ఖర్చును రాబట్టుకోవడానికి రోగి చెల్లించే ధర ఒక్కటే దారి కాదనడానికి ఆ ఉదాహరణే చాలు.

మదింపు

2019 నుంచి 2023 మధ్య అమెరికాలో ఈ వ్యాధితో పుట్టినవారి మధ్యస్థ ఆయుర్దాయ అంచనా 60 ఏళ్లు దాటింది. ఇది ఒక్క మందు గెలుపు కాదు. ఎంజైమ్‌లు, యాంటీబయాటిక్‌లు, కఫాన్ని పలచబరిచే మందులు, చివరికి ప్రొటీన్‌ను సరిచేసే మాత్రలు, ఒకదానిపై ఒకటి చేరిన ఫలితం. కొత్త మందు వార్త విన్న పెద్దవయసు రోగి అడగవలసిన ప్రశ్నలూ ఈ చరిత్రలోనే ఉన్నాయి. తన జన్యు మార్పులకు అది తగినదా, చెమట క్లోరైడ్ వంటి మూల కొలత కదిలిందా, తన వయసువారిని పరీక్షలో చేర్చారా, దేనితో పోల్చారు? వీటికి జవాబున్న మందుపై ఆశ పెట్టుకోవడం వివేకమే. జవాబు లేని మందును పరీక్షకే పరిమితం చేయాలి. ఆ పరీక్షలో చేరడానికి రోగులు ముందుకు రావడం వల్లే నేటి మాత్రలు పుట్టాయి కాబట్టి, అవి రోగులందరికీ అందుబాటు ధరలో దొరకాలన్న కోరికకు న్యాయమైన ఆధారం ఉంది.