నక్షత్ర యుద్ధాలలో పాఠభేదాలు

తాళపత్రాల కాలంలో ఒక కావ్యానికి నాలుగు పాఠాలుండడం వింత కాదు. వ్రాయసకాని చేయి జారితే ఒక అక్షరం మారేది. పురుగు తింటే ఒక పద్యం పోయేది. ఎవరో రసికుడు ఉత్సాహపడితే రెండు పద్యాలు వచ్చి చేరేవి. అందుకే సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి పలు ప్రతులు తెప్పించి, పండితుల చేత సరిచూపించవలసి వచ్చింది. అచ్చుయంత్రం, ఆ తరువాత సినిమా వచ్చాక ఈ బెడద తీరిందనుకున్నాం. తీరలేదనడానికి అమెరికాలో 1977 మే 25న విడుదలైన 'స్టార్ వార్స్' చిత్రమే సాక్ష్యం.

జార్జ్ లూకాస్ తీసిన ఈ చిత్రంలోని కథ మనవాళ్లకు మరీ కొత్తది కాదు. పుట్టుక తెలియక అయినవాళ్ల ఇంట పెరిగిన కుర్రవాడు, ఎడారిలో దాగిన ముసలి గురువు, చెరలో పడిన రాకుమార్తె, నల్ల కవచం తొడిగిన ప్రతినాయకుడు. రంగస్థలం మాత్రం అంతరిక్షం. 1980లోనూ, 1983లోనూ తరువాతి కథలు వచ్చాయి.

చిత్రం కన్నా ముందే దాని నవల వచ్చింది. 1976 చివర లూకాస్ పేరు మీద వెలువడిన ఆ పుస్తకాన్ని నిజానికి రాసినవాడు ఆలన్ డీన్ ఫాస్టర్. 1978లో ఆయనే 'స్ప్లింటర్ ఆఫ్ ది మైండ్స్ ఐ' అనే మరో నవల రాశాడు. సినిమా ఓ మోస్తరుగా ఆడితే తక్కువ ఖర్చులో రెండో భాగం తీసుకోవడానికి పనికివచ్చే కథ అది. మొదటి చిత్రం విరగబడి ఆడడంతో ఆ అవసరం రాలేదు.

1983 తరువాత చాలాకాలం వెండితెర మీద కొత్త కథ లేదు. ఆ ఖాళీని నవలలు నింపాయి. 1991లో టిమొతీ జాన్ రాసిన 'ఎయిర్ టు ది ఎంపైర్' విపరీతంగా అమ్ముడుపోయింది. థ్రాన్ అనే సేనాని అందులోనే పుట్టాడు. సామ్రాజ్య రాజధానికి కోరసాంట్ అని పేరు పెట్టిందీ ఆ నవలే. ఆ పేరును తరువాత లూకాస్ తన చిత్రాల్లోకి తీసుకున్నాడు. అంటే అనుబంధం నుంచి మూలంలోకి నీరు ఎదురు పారిందన్నమాట.

1997లో, ఇరవై ఏళ్లు నిండిన సందర్భంగా, మూడు చిత్రాలూ కొత్త హంగులతో మళ్లీ విడుదలయ్యాయి. తగవు అక్కడ ముదిరింది. మొదటి చిత్రంలో హాన్ సోలో అనే దొంగసరుకుల నావికుడు తనను పట్టుకోవచ్చిన గ్రీడోను బల్ల కింద నుంచి కాల్చి చంపుతాడు. 1997 పాఠంలో ముందు గ్రీడో కాల్చి గురి తప్పుతాడు, ఆపైన సోలో కాలుస్తాడు. క్షణంలో అయిపోయే సంఘటన. అయినా అభిమానులు దశాబ్దాల తరబడి వాదించుకున్నారు. అందులో అర్థముంది. స్వార్థపరుడు చివరికి స్నేహితుల కోసం తిరిగి రావడమే సోలో కథ. మొదటే నిర్దోషి అయితే వాడిలో వచ్చిన మార్పేమిటి?

లూకాస్ వైపూ న్యాయం లేకపోలేదు. తన కథను తాను దిద్దుకునే హక్కు కర్తకు ఉండదా? అయితే 1988లో ఆయనే అమెరికా కాంగ్రెసు ముందు సాక్ష్యమిచ్చి, పాత చిత్రాలను మార్చడాన్ని గట్టిగా నిరసించాడు. ఇతరులు మార్చడం వేరు, కర్త మార్చుకోవడం వేరు అని ఆయన పక్షంవారంటారు. సినిమాకు కర్త ఒక్కడే కాదని ఎదుటివారి జవాబు. 1977 చిత్రంలోని దృశ్య మాయాజాలానికి ఆస్కార్ వచ్చింది. 1997లో కొన్నిచోట్ల తీసేసి కొత్తవి పెట్టింది ఆ పనితనాన్నే.

దిద్దడం కన్నా పెద్ద చిక్కు, పాత పాఠం దొరకకపోవడం. 2006లో డీవీడీతో పాటు అదనంగా ఇచ్చిన పాత పాఠం, 1993 నాటి లేజర్ డిస్కుల కోసం చేసిన ప్రతి. ఆ నాణ్యత నచ్చని అభిమానులు పాత రీళ్లు సంపాదించి, సొంతంగా శుభ్రం చేసుకున్నారు. 2025 జూన్‌లో లండన్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1977 నాటి ప్రతిని ప్రదర్శిస్తే అదొక విశేషమైంది.

నవలల గతి ఇంకొకటి. 2012లో డిస్నీ సంస్థ లూకాస్ ఫిల్మ్‌ను కొన్నది. 2014 ఏప్రిల్‌లో అంతవరకు వచ్చిన అనుబంధ నవలలన్నీ 'లెజెండ్స్', అంటే ఐతిహ్యాలు మాత్రమేనని ప్రకటించింది. 1999 నవలలో వీరమరణం పొందిన చ్యూబాకా 2015 చిత్రంలో నిక్షేపంగా తిరిగాడు. ఆ మరణానికి కంటతడి పెట్టిన పాఠకుడి మాటేమిటి? థ్రాన్ మాత్రం అదృష్టవంతుడు. 2016లో ఒక బొమ్మల ధారావాహికతో మళ్లీ ప్రామాణిక కథలోకి వచ్చాడు.

మన మహాభారతాన్ని ముగ్గురు కవులు మూడు కాలాలలో పూర్తిచేశారు. నన్నయ వదిలిన అరణ్యపర్వ శేషాన్ని ఎర్రన నింపితే అది చెల్లదని శాసించే సంస్థ లేదు. 1957 నాటి 'మాయాబజార్'కు 2010లో రంగులు వేశారు. నలుపు తెలుపుల ప్రతి మాత్రం పోలేదు, ఇష్టమైనవారు ఇష్టమైనది చూస్తున్నారు.

రాష్ట్రం వెలుపల తరాలుగా ఉంటున్న మనకు ఈ తగవు పరాయిది కాదు. మన అవ్వలు చెప్పిన కథలకూ, మన ఇళ్లలోని మాటలకూ అచ్చు పుస్తకాలలోని పాఠంతో పొత్తు కుదరదు. అది తప్పు, ఇది ఒప్పు అని తేల్చేవారు ఎప్పుడూ దూరానే ఉంటారు. తంజావూరు సరస్వతీ మహలు తెలుగు ప్రతులను దాచి ఉంచబట్టే నాయకరాజుల నాటి యక్షగానాలు ఈనాడు మన చేతికి అందాయి. ఏ పాఠం మేలైనదో తరువాతి తరంవారు తేల్చుకుంటారు. తేల్చుకోవాలంటే వారి దాకా రెండు పాఠాలూ చేరాలి.