తోకను బట్టి తిమింగలం: జూనో తీర యాత్రల చరిత్ర

జూనో అలాస్కా రాష్ట్ర రాజధాని. ఒకవైపు నిటారుగా లేచిన కొండలు, వాటి వెనక మంచు మైదానం, మరోవైపు గాస్టినో చానల్ అనే సన్నటి సముద్రపు పాయ. బయటి ఊళ్ళతో కలిపే రోడ్డు లేదు. ఓడలోనో విమానంలోనో చేరుకోవలసిందే. జనాభా దాదాపు 32 వేలు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఈ ఊరికి వరసగా క్రూయిజ్ ఓడలు వస్తాయి. 2023లో వాటిలో దిగిన ప్రయాణికులు 16 లక్షల పైమాటే. సియాటిల్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఇది వేసవి సెలవుల దారి అయింది. స్నేహితులంతా కలిసి మొదటిసారి క్రూయిజ్ ఎక్కినప్పుడు ముందుగా బుక్ చేసుకునే తీర విహారాల్లో తిమింగలాల యాత్ర ఒకటి.

పెద్ద ఓడ ఊరి నడిబొడ్డునే ఆగుతుంది. తిమింగలాలు ఎక్కువగా తిరిగే నీళ్ళు మాత్రం అక్కడ కాదు. బస్సెక్కి వాయవ్యంగా ఇరవై కిలోమీటర్ల దూరంలోని ఆక్ బే రేవుకు పోవాలి. అక్కడ చిన్న పడవలు సిద్ధంగా ఉంటాయి. అవి స్టీఫెన్స్ పాసేజ్, సాగినా చానల్, లిన్ కెనాల్ దక్షిణపు కొస దాకా తిరిగి వస్తాయి. రానూపోనూ కలిపి మూడు, నాలుగు గంటల పని. వేసవిలో ఇక్కడ పగలు చాలా పొడుగు. హిమానీనదాలు కరిగి దిగే నీరు, లోతైన పాయల్లో పోటెత్తే ఆటుపోట్లు కలిసి ప్లాంక్టన్‌ను పెంచుతాయి. దాన్ని తిని క్రిల్ అనే రొయ్యలాంటి జీవులు, హెర్రింగ్ చేపలు విపరీతంగా పెరుగుతాయి. హవాయి దగ్గరి వెచ్చని నీళ్ళలో శీతాకాలమంతా దాదాపు ఉపవాసంతో గడిపి పిల్లల్ని కన్న హంప్‌బ్యాక్ తిమింగలాలు, నాలుగైదు వేల కిలోమీటర్లు ఈదుకుంటూ ఇక్కడికి వచ్చేది ఈ తిండి కోసమే. ఏడాది మొత్తానికి సరిపడే కొవ్వును అవి ఈ కొద్ది నెలల్లోనే కూడబెట్టుకోవాలి. అంటే పడవలోని మనిషి చూస్తున్నది ఆ జంతువు భోజనవేళ. ఈ యాత్రల గురించిన ఆంక్షలకూ వివాదాలకూ మూలం అదే.

ఈ తీరం ట్లింగిట్ జాతివాళ్ళది. ఆక్ బే చుట్టుపక్కల ఉండేవాళ్ళు ఆక్ క్వాన్ తెగవాళ్ళు. వీళ్ళ వంశచిహ్నాల్లో, చెక్కిన స్తంభాల మీద, నేసిన దుప్పట్ల మీద తిమింగలం కనిపిస్తుంది. తిమింగలాల వేట మాత్రం సాధారణంగా వీళ్ళ వృత్తి కాదు. సాల్మన్, హాలిబట్, సీలు వాళ్ళ తిండి. పెద్ద తిమింగలాలను నూనె కోసం చంపడమన్నది బయటి నుంచి వచ్చిన వ్యాపారమే.

ఆ వ్యాపారం మొదట్లోనే రక్తం చిందించింది. ఆడ్మిరల్టీ ద్వీపం పడమటి ఒడ్డున ఆంగూన్ అనే ట్లింగిట్ గ్రామం ఉంది. దాని పక్కనే కిల్లిస్నూలో నార్త్‌వెస్ట్ ట్రేడింగ్ కంపెనీ స్థావరం పెట్టి తిమింగలాల వేట సాగించేది. 1882 అక్టోబరులో ఆ కంపెనీ పడవ మీద హార్పూన్ పేలి తీత్ క్లేన్ అనే ట్లింగిట్ మతగురువు చనిపోయాడు. ట్లింగిట్ ఆచారం ప్రకారం అలాంటి చావుకు పరిహారం చెల్లించాలి. గ్రామస్తులు పని ఆపేసి 200 దుప్పట్లు అడిగారు. తమవాళ్ళను బందీలుగా పట్టుకున్నారన్నది కంపెనీ చెప్పిన మాట. సిట్కా నుంచి వచ్చిన అమెరికా నౌకాదళ కమాండర్ ఎడ్గార్ మెరిమన్ న్యాయం తేల్చకపోగా, ఎదురు 400 దుప్పట్లు జరిమానా వేశాడు. గ్రామం అంత ఇచ్చుకోలేకపోయింది. అక్టోబరు 26న ఫిరంగులు పేలాయి. ఇళ్ళు, చలికాలం కోసం దాచుకున్న తిండి, పడవలు కాలిపోయాయి. ఆరుగురు పిల్లలు చనిపోయారని ఆంగూన్ పెద్దలు తరతరాలుగా చెబుతున్నారు. పడవలు పోవడమంటే ఆ చలికాలం చేపలు పట్టే దారి కూడా పోవడం. 1973లో 90 వేల డాలర్ల పరిహారం అందింది. నౌకాదళం అధికారికంగా క్షమాపణ చెప్పింది మాత్రం 2024 అక్టోబరు 26న, సరిగ్గా 142 ఏళ్ళకు. అలాస్కా యాత్రల కరపత్రాల్లో ఈ సంగతికి చోటు దొరకడం అరుదు. ఈ నీళ్ళలో తిమింగలం చుట్టూ అల్లుకున్న చరిత్ర చెప్పాలంటే దీన్ని దాటవేయడం కుదరదు.

అసలు పెద్ద ఎత్తున వేట 1907లో మొదలైంది. ఆడ్మిరల్టీ ద్వీపం దక్షిణ కొసన టైయీ కంపెనీ తీర కర్మాగారం పెట్టింది. నార్వే దేశస్తుడు స్వెండ్ ఫోయిన్ తయారుచేసిన పేలుడు హార్పూన్ తుపాకీ, ఆవిరి పడవ కలిసేసరికి వేగంగా ఈదే తిమింగలాలు కూడా చిక్కడం మొదలైంది. చచ్చిన తిమింగలం మునిగిపోకుండా గాలి నింపి, ఒడ్డుకు లాగి, ముక్కలు కోసి, కొవ్వు కరిగించేవారు. ఎముకలు, మాంసం ఎరువుగా మారేవి. బరనాఫ్ ద్వీపం మీద పోర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్‌లో 1912లో మరో కర్మాగారం వచ్చింది. లోపలి పాయల్లో తిమింగలాలు తొందరగానే పలచబడ్డాయి, టైయీ కొద్ది ఏళ్ళకే మూతపడింది. ఆ తరవాత వేట నడిసముద్రానికి మారింది. రెండో ప్రపంచయుద్ధం తరవాత జపాన్, సోవియట్ ఫ్యాక్టరీ ఓడలు దిగాయి. ఇరవయ్యో శతాబ్దంలో ఉత్తర పసిఫిక్‌లో 28 వేలకు పైగా హంప్‌బ్యాక్‌లను చంపారు. 1966లో అంతర్జాతీయ తిమింగలవేట సంఘం వాటి వేటను నిషేధించేనాటికి అంతటి మహాసముద్రంలో మిగిలినవి వెయ్యి చిల్లర అని అంచనా.

వింతేమిటంటే, ఓడల్లో విహారయాత్రలు ఈ వేటకన్నా ముందే మొదలయ్యాయి. అప్పటి యాత్రికులు వచ్చింది మాత్రం మంచు చూడటానికి. 1879లో ప్రకృతి రచయిత జాన్ మ్యూర్ ట్లింగిట్ సహచరుల పడవలో గ్లేసియర్ బే చేరి రాసిన రాతలు ఆ చోటుకు పేరు తెచ్చాయి. 1883లో కెప్టెన్ జేమ్స్ కారల్ ఐడహో అనే ఆవిరి ఓడను లోపలికి తీసుకెళ్ళాడు. ఆ ఓడలో ఉన్న రచయిత్రి ఎలైజా సిడ్‌మోర్ రెండేళ్ళకు అలాస్కా మీద ఒక పుస్తకం అచ్చువేసింది. 1890 నాటికి ఏడాదికి దాదాపు అయిదు వేలమంది వచ్చేవారు. 1899 భూకంపంతో మంచు విరిగిపడి గ్లేసియర్ బే కొన్నేళ్ళు ఓడలకు అందకుండా పోయింది. 1957లో చక్ వెస్ట్ అనే వ్యాపారి మళ్ళీ క్రూయిజ్‌లు మొదలుపెట్టాడు. ఇప్పటి క్రూయిజ్ పరిశ్రమకు అది తొలి అడుగు. తిమింగలాన్ని చూపించి డబ్బు తీసుకోవడం మాత్రం అప్పటికి దక్షిణాన కాలిఫోర్నియాలోనే ఉంది. శాన్ డియేగోలో 1950లో కొండ మీద నుంచి బూడిదరంగు తిమింగలాలను చూసే ఏర్పాటు చేశారు. 1955లో ఒక డాలరు టికెట్టుతో పడవ నడిచింది.

జూనోలో తిమింగలాన్ని మనుషులకు దగ్గర చేసినవాడు చార్ల్స్ జురాజ్ అనే ఉపాధ్యాయుడు. 1960ల చివర నుంచి ఆయన, భార్య వర్జీనియా, పిల్లలు కలిసి వేసవులన్నీ పడవ మీదే గడిపి హంప్‌బ్యాక్‌లను ఫోటోలు తీశారు. హంప్‌బ్యాక్ లోతుకు దిగబోయే ముందు వీపు వంచి, తోక మొత్తం నీటిపైకి ఎత్తుతుంది. ఆ తోక అడుగున నలుపు తెలుపుల మచ్చలు, గాట్లు ఉంటాయి. ఒకదాని మచ్చలు మరోదానికి ఉండవు. జురాజ్ కుటుంబం గమనించి, ఓపికగా నమోదు చేసిన విషయం ఇదే. 1970లలో ఆ ఫోటోలను హవాయిలో తీసినవాటితో పోల్చితే అవే జంతువులు రెండుచోట్లా కనిపించాయి. ఒక జాతి లెక్కగా ఉన్న తిమింగలం ఒక్కొక్క ప్రాణిగా మారింది ఈ పనితోనే. ఈ రోజు జూనో పడవల్లో గైడు తోక చూడగానే పేరు చెప్పగలుగుతున్నాడంటే దాని పునాది అక్కడుంది. తోక మీద మంటలాంటి తెల్లమచ్చ ఉన్న ఫ్లేమ్ అనే ఆడ తిమింగలం అక్కడివాళ్ళకు ఏటేటా వచ్చే చుట్టం. పిల్లతో వచ్చిన ఏడు ఆ కబురు ఊరంతా పాకుతుంది.

అవి తినే తీరును గురించి 1979లో జురాజ్ దంపతులు ప్రచురించిన వ్యాసం కూడా విలువైనది. బుడగల వల అన్నది అందులో ఒక పద్ధతి. హెర్రింగ్ గుంపు కింద ఒక తిమింగలం గుండ్రంగా తిరుగుతూ గాలి వదులుతుంది. బుడగలు గోడలా పైకి లేచి చేపలను మధ్యకు తోస్తాయి. లోతులో ఇంకొకటి పొడుగ్గా కూత పెడుతుంది, చేపలు బెదిరి పైకి పోతాయి. నీటి మీద ముందు బుడగల వలయం తేలుతుంది. గల్లు పక్షులు దాని మీద గుమిగూడతాయి. ఆపైన ఏడెనిమిది నోళ్ళు ఒక్కసారిగా నీటిని చీల్చుకుని పైకి వస్తాయి. గొంతు కింది మడతలు తిత్తుల్లా ఉబ్బి ఉంటాయి. ఈ పని చేసేవి ఒకే కుటుంబం కానక్కరలేదు. పైగా ఇది పుట్టుకతో వచ్చేది కాదు, నేర్చుకునేది. శీతాకాలంలో హవాయి నీళ్ళలో పాట వినిపించే ఈ జంతువు తిండి దగ్గర ఇంత ఒద్దికగా కలిసి పనిచేయడం చూసినవాళ్ళు ఎన్నటికీ మరిచిపోరు.

చట్టం మెల్లగా వచ్చింది. అమెరికాలో 1970లో హంప్‌బ్యాక్ అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల పట్టికకెక్కింది. 1972లో సముద్ర క్షీరదాల రక్షణ చట్టం, 1973లో అంతరించే జీవుల చట్టం వచ్చాయి. 1978 వేసవిలో గ్లేసియర్ బేలోని తిమింగలాలు చాలావరకు ఉన్నట్టుండి వెళ్ళిపోయాయి. ఓడల సందడి కారణమా, చేపలు తగ్గడమా అన్న వాదన తెగలేదు. గ్లేసియర్ బే జాతీయ పార్కు అధికారులు మాత్రం ఓడల సంఖ్యకు, వేగానికి హద్దులు పెట్టారు. ఇప్పుడక్కడికి రోజుకు రెండు క్రూయిజ్ ఓడలకే అనుమతి. అయినా 2001 జూలైలో, 1975 నుంచి తోకతో గుర్తుపట్టిన స్నో అనే తిమింగలం క్రూయిజ్ ఓడ తగిలి చనిపోయింది. పుర్రె పగిలింది, కడుపులో పిల్ల ఉంది. ఓడ యాజమాన్యానికి 2007లో కోర్టు జరిమానా వేసింది. 45 అడుగుల ఆ అస్థిపంజరాన్ని ఇప్పుడు గ్లేసియర్ బేలోని బార్ట్‌లెట్ కోవ్‌లో చూడవచ్చు. అదే 2001లో అలాస్కా నీళ్ళకు కొత్త నిబంధన వచ్చింది. హంప్‌బ్యాక్‌కు వంద గజాల లోపు పడవ పోకూడదు, దాని దారికి అడ్డంగా ఆగి ఎదురుచూడనూ కూడదు. ఒకే తిమింగలం దగ్గర అరగంటకు మించి ఉండవద్దన్నది సూచన. 2015 నుంచి జూనో పడవల యజమానులు కొందరు వేల్‌సెన్స్ అనే స్వచ్ఛంద పథకంలో చేరి అంతకన్నా కట్టుదిట్టంగా నడుస్తున్నారు.

1990ల నుంచి పెద్ద ఓడలు పెరిగేకొద్దీ ఆక్ బే పడవలూ పెరిగాయి. జూనోకు పడమరన ఉన్న ట్లింగిట్ గ్రామం హూనా దగ్గర 1912 నాటి చేపల డబ్బాల కర్మాగారాన్ని హూనా టోటెమ్ కార్పొరేషన్ క్రూయిజ్ రేవుగా మార్చి 2004లో తెరిచింది. దాని వాటాదారులు ట్లింగిట్‌లే. ఆ తీరంలోనే పాయింట్ అడాల్ఫస్ దగ్గర తిమింగలాలు విరివిగా ఉంటాయి. లాభం అక్కడివాళ్ళ చేతుల్లో మిగలడం ఈ చరిత్ర మొత్తంలో అరుదైన మేలు. జూనో సముద్రపు ఒడ్డున నీటి నుంచి ఎగురుతున్న నిలువెత్తు కంచు తిమింగలాన్ని నిలబెట్టారు. శిల్పి స్కిప్ వాలెన్.

2020లో కోవిడ్ వల్ల పెద్ద ఓడ ఒక్కటీ రాలేదు. పడవలు లేని వేసవిలో తిమింగలాల ఒత్తిడి ఎలా ఉంటుందో కొలవడానికి స్థానిక పరిశోధకులకు అది దొరకక దొరికిన అవకాశం. మరోవైపు యాత్రికులు తీసిన తోకల ఫోటోలే పరిశోధనకు సరుకు అయ్యాయి. 2015లో మొదలైన హ్యాపీవేల్ ప్రాజెక్టు అలాంటి ఫోటోలను కంప్యూటరుతో పోల్చి ఒక్కొక్క తిమింగలాన్నీ గుర్తిస్తుంది. 2016లో హవాయిలో పిల్లల్ని కనే హంప్‌బ్యాక్‌లను ప్రమాద పట్టిక నుంచి తీసేశారు. ఉత్తర పసిఫిక్ మొత్తంలో హంప్‌బ్యాక్‌ల సంఖ్య 2012లో దాదాపు 33 వేలకు చేరింది. 2014–16 మధ్య సముద్రపు నీరు అసాధారణంగా వేడెక్కి తిండి తగ్గింది. 2021 నాటికి తిమింగలాల సంఖ్య 26,600 చిల్లరకు పడిపోయిందని ఈ ఫోటోల ఆధారంగానే 2024లో లెక్క తేలింది.

ఊరివాళ్ళ ఓపిక కూడా తగ్గుతూ వచ్చింది. 2024 నుంచి క్రూయిజ్ కంపెనీలతో ఒప్పందం మేరకు జూనోలో రోజుకు అయిదు పెద్ద ఓడలకే చోటు. అదే ఏడాది కుదిరిన మరో ఒప్పందం ప్రకారం, 2026 నుంచి ఓడల్లోని పడకల లెక్కన రోజుకు 16 వేలు, శనివారం 12 వేలు పరిమితి. ఈ అంకెలు ఊళ్ళో దిగే మనుషులకు సంబంధించినవి. ఒక తిమింగలం చుట్టూ ఒకే సమయంలో ఎన్ని పడవలు నిలవవచ్చో ఆ ఒప్పందం చెప్పదు. ఆ విషయం వంద గజాల నిబంధనకూ పడవ నడిపేవాళ్ళ విచక్షణకూ వదిలినట్టే.