కాందిశీకులు, నిర్వాసితులు: బలవంతపు వలసల అధ్యయన చరిత్ర

యుద్ధం కావచ్చు, వేధింపు కావచ్చు, ఆనకట్ట కావచ్చు. ఇష్టం లేకుండా ఊరు వదిలిన మనుషుల గురించీ, కొత్తచోట వాళ్లు నిలదొక్కుకునే తీరు గురించీ పరిశోధించే శాస్త్రం ఇది. తెలుగులో వీళ్లకు రెండు పేర్లున్నాయి. ప్రాణభయంతో పారిపోయి వచ్చినవాళ్లు కాందిశీకులు. ‘ఏ దిక్కుకు పోను’ అనే సంస్కృత ప్రశ్నలోంచి పుట్టిన మాట అది. బర్మా నుంచి తిరిగొచ్చిన తెలుగు కుటుంబాలనూ అలాగే పిలిచారు. జలాశయం కింద ఊరు పోయినవాళ్లు నిర్వాసితులు. ఈ శాస్త్రం కూడా చాలాకాలం రెండు పాయలుగానే నడిచింది.

మొదటి పాయ చట్టానిది. 1921లో నానాజాతి సమితి నార్వేకు చెందిన ఫ్రిట్యోఫ్ నాన్సెన్‌ను రష్యన్ శరణార్థుల హైకమిషనర్‌గా నియమించింది. మరుసటి ఏడాది, ఏ దేశమూ తనవాడు అనని మనిషికి ‘నాన్సెన్ పాస్‌పోర్టు’ దక్కింది. శరణార్థి ఎవరో 1951 జెనీవా ఒప్పందం నిర్వచించింది. 1967 ప్రోటోకాల్ అందులోని కాల, ప్రాంత పరిమితులను తీసేసింది. భారత్ రెండింటిపైనా సంతకం చేయలేదు. సొంత దేశంలోనే చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరినవాళ్లకు ఆ నిర్వచనంలో చోటు లేదు.

రెండో పాయ ఆఫ్రికాలో జాంబెజీ నది ఒడ్డున మొదలైంది. కరీబా ఆనకట్ట కోసం సుమారు 57,000 మంది టోంగా ప్రజలను కదిలించాలని వలసపాలక ప్రభుత్వాలు నిర్ణయించాయి. నీళ్లు రాకముందే, 1956లో, ఎలిజబెత్ కోల్సన్, థేయర్ స్కడర్ అనే మానవశాస్త్రవేత్తలు అక్కడికి వెళ్లారు. ఎవరికి ఎవరు చుట్టం, ఏ చేను ఎవరిది అని ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నారు. వరద తీశాక ఒండ్రుమట్టిలో మిగిలే తడి మీద టోంగాలు పంట పండించుకునేవారు. ఏ నష్టపరిహారపు లెక్కలోనూ ఇమడని ఆస్తి ఆ తడి. 1958 సెప్టెంబరులో కదలమని ఎదురుతిరిగిన చిసోమో గ్రామస్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు; ఎనిమిది మంది చనిపోయారు. లుసితు అనే చోటికి తరలించినవాళ్లలో పిల్లలు, ఆడవాళ్లు రోగాల పాలై ప్రాణాలు వదిలారు. వానదేవతల గుళ్లు పాత నేలతోపాటే మునిగాయి, వాటితో పూజారుల మాటకున్న విలువా పోయింది. ఇద్దరు పరిశోధకులూ దశాబ్దాలపాటు ఆ ఊళ్లకు మళ్లీ మళ్లీ వెళుతూనే ఉన్నారు. ఆ ఓపికే ఈ శాస్త్రానికి పునాది. కొత్తచోట తొలి ఏళ్లలో జనం పాత అలవాట్లనూ బంధువులనూ అంటిపెట్టుకోవడం మూర్ఖత్వం కాదనీ, ఇంకో దెబ్బ తగలకుండా కాచుకోవడమనీ వాళ్లు చూపించారు.

1982లో బార్బరా హారెల్-బాండ్ ఆక్స్‌ఫర్డ్‌లో శరణార్థుల అధ్యయన కేంద్రాన్ని స్థాపించారు. దక్షిణ సూడాన్‌లోని ఉగాండా శరణార్థులపై 1986లో ఆమె రాసిన పుస్తకం సాయం చేసే సంస్థలనే నిలదీసింది: మీరు చేయి చాచేవాళ్లనే చూస్తున్నారు, బతుకు కట్టుకుంటున్న మనుషులను చూడటం లేదని. 1990లలో మైఖేల్ చెర్నియా నిర్వాసితులకు ముంచుకొచ్చే ఎనిమిది ముప్పులను వర్గీకరించారు. భూమి, ఇల్లు, కూలి పోవడం సరే. ఊరుమ్మడి పోరంబోకు పోవడాన్నీ, చుట్టరికాలు తెగడాన్నీ కూడా ఆయన నష్టంగా లెక్కగట్టారు. 1998లో వెలువడిన ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు దేశం లోపల నిరాశ్రయులైనవాళ్లనూ గుర్తించాయి. పాయలు కలవడం మొదలైంది. అదే ఏడాది భారతీయ న్యాయశాస్త్రవేత్త బి.ఎస్. చిమ్ని, ఈ శాస్త్రం సంపన్న దేశాల అవసరాలకు తగ్గట్టు నడుస్తోందని గట్టిగా విమర్శించారు.

కొత్త సమాజంలో కలిసిపోవడం అంటే ఏమిటనేది తర్వాతి ప్రశ్న. అలస్టేర్ ఏజర్, అలిసన్ స్ట్రాంగ్ 2008లో దానికి ఒక చట్రం ఇచ్చారు. ఉద్యోగం, ఇల్లు, చదువు, ఆరోగ్యంతోపాటు సొంతవాళ్లతో బంధం, ఇరుగుపొరుగుతో స్నేహం, ప్రభుత్వంతో సంబంధం, భాష, భద్రత, హక్కులు అందులో ఉన్నాయి. లండన్, గ్లాస్గో వీధుల్లో వాళ్లతో మాట్లాడిన శరణార్థులు, దారిలో ఎదురైన పొరుగువాళ్లు నవ్వుతూ పలకరించడాన్ని కూడా గొప్పగా చెప్పుకున్నారు.

తెలుగు నేల మీద ఈ చరిత్రకు దగ్గరి ఉదాహరణ శ్రీశైలం జలాశయం. కృష్ణ, తుంగభద్ర ఒడ్డు పల్లెలను 1981లో బలవంతంగా ఖాళీ చేయించారు. ముంపు కుటుంబానికో ఉద్యోగమంటూ 1986లో జీవో 98 వచ్చింది. పునరావాసం పూర్తయిందో లేదో రెండో తరాన్ని చూసే చెప్పాలని స్కడర్ అంటారు. ఆ జీవో కింద ఉద్యోగం కోసం దశాబ్దాల తర్వాత కూడా నిర్వాసితుల కుటుంబాలు ధర్నాలకు కూర్చున్నాయి.